మేకు మీది బిళ్ల, గొలుసు మీది తాళం

లెక్క ఒకటి అని పెట్టుకుంటే సెమఫోర్ కూడా తాళమే అవుతుంది కదా అని మా పెద్దసారు తేలిగ్గా అనేసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కోపం తొందరగా వస్తుందని ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరికీ తెలుసు. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. టీ వచ్చింది, తాగారు, ఎవరి కుర్చీల్లోకి వాళ్లు వెళ్లిపోయారు.

ఇది ఎనభైల నాటి మాట. హైదరాబాదులో ఒక చిన్న సంస్థ సొంతంగా కంప్యూటర్ తయారుచేసే పనిలో ఉండేది. అందులో నా పని కెర్నల్ రాయడం. కెర్నల్ అంటే ఆ యంత్రానికి ఇంటిపెద్ద లాంటిది. ప్రింటర్ ఒకటే, డిస్కు ఒకటే, కావాలని అడిగే ప్రోగ్రాములు మాత్రం బోలెడు. ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో, ఎవరిని గుమ్మం బయట కూర్చోబెట్టాలో అదే చూసుకోవాలి. నేను వికారాబాద్‌లో గది అద్దెకు తీసుకుని రోజూ రైల్లో వచ్చిపోయేవాణ్ని. రైల్లో నిలబడి కూడా అదే ఆలోచన.

గొడవ ప్రింటర్ దగ్గర మొదలైంది. దాని కాపలాకి మేము సెమఫోర్ పెట్టాం. సెమఫోర్ అంటే ఒక లెక్క, అంతే. లోపలికి పోయేవాడు ఒకటి తగ్గిస్తాడు, బయటికి వచ్చేవాడు ఒకటి పెంచుతాడు. సున్నా ఉంటే ఆగాలి. ఒక ప్రోగ్రాం ప్రింటర్ పట్టుకుని పని చేసుకుంటూ ఉండగా, దానితో ఏ సంబంధమూ లేని ఇంకొకటి వచ్చి "అయిపోయింది" అని లెక్క పెంచేసింది. కెర్నల్ లెక్క చూసి మూడోదాన్ని లోపలికి పంపింది. కాగితం మీద ఒకరి జీతాల పట్టీలోకి ఇంకొకరి సరుకుల జాబితా దూరి, చదివేవాడికి తలప్రాణం తోకకొచ్చింది.

"తప్పు చేసిన ప్రోగ్రాంని దిద్దు, సెమఫోర్‌ని ఏమీ అనకు, అది చెప్పిన లెక్క సరిగ్గానే ఉంది" అన్నాడు పెద్దసారు.

"లెక్క సరిగ్గానే ఉందండీ. ఎవరు లోపల ఉన్నారో దానికి తెలియదు, అదే తప్పు. మ్యూటెక్స్ పెడదాం. పట్టుకున్నవాడి పేరు అందులో ఉంటుంది. పట్టుకున్నవాడు తప్ప ఇంకొకడు వదిలితే కెర్నల్ ఒప్పుకోదు."

"ఈ పట్టింపు నీకు ఎక్కడ అంటుకుందయ్యా?"

"తాండూరు బండల గనిలో అంటుకుందండీ."

ఆయన హాస్యం అనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు.

డెబ్బైల మధ్యలో నేను డిగ్రీ చదువుతుండేవాణ్ని. సెలవులొస్తే తాండూరు దగ్గర గనిలో మా అన్నతో, వదినతో కలిసి బండలు కొట్టేవాణ్ని. అమ్మానాన్న లేని ఇంట్లో నన్ను పెంచింది వాళ్లిద్దరే. "సదువుకుంట రెండు బండలు కొడితే చేతులేమన్న అరిగిపోతయా?" అనేవాడు అన్న. చేతులు అరగలేదు గానీ ఆ గనిలోకి దిగిన ప్రతిసారీ నా గుండె ఇరుకైపోయేది. నాలుగు పక్కలా నిలువుగా కోసిన రాతిగోడలు, నడినెత్తిన ఎండ, గాలి ఆడదు, పైకి రావడానికి ఒక్కటే దారి. పరీక్ష తప్పితే నా బతుకంతా ఈ గోతిలోనే అని రోజూ భయపడేవాణ్ని. ఆ భయం ఎవరికీ చెప్పలేదు, చెబితే అన్న మనసు నొచ్చుకుంటుంది.

నాపరాళ్లు పొరలు పొరలుగా ఉంటాయి. మంచి బండ దొరకాలంటే పైనున్న పనికిరాని రాయి తీసేయాలి. అది ఉలికి లొంగదు, మందు పెట్టి పేల్చాలి. ఆ మందు పెట్టే పని ఒక ముసలాయనది. అందరం చాచా అని పిలిచేవాళ్లం. అతను నిదానస్తుడు, మాట ఇస్తే తప్పడు, రోజా ఉన్న రోజుల్లో కూడా ఎండలో నిలబడి పని చేసేవాడు. అందరూ పైకి వచ్చారని నమ్మకం కుదిరితేనే వత్తి అంటించేవాడు.

ఆ నమ్మకం కుదరడానికి ఒక ఏర్పాటుంది. గని పైన, పనిముట్లు పెట్టుకునే రేకుల కొట్టు గోడకు ఒక చెక్క. చెక్క నిండా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో రేకు బిళ్ల. కిందికి దిగేవాడు ఒక బిళ్ల తీసుకుని దిగాలి, పైకి వచ్చాక తగిలించాలి. బిళ్లలన్నీ ఒకటే తీరు, పేరు లేదు, గుర్తు లేదు. బిళ్లలు అయిపోతే ఎవరో ఒకరు పైకి వచ్చేదాకా ఆగాల్సిందే, ఎందుకంటే అంతకంటే ఎక్కువ మంది దిగితే కింద పారలు ఒకరికొకరు తగులుతాయి. మేకులన్నీ నిండాయంటే కింద మనిషి లేడని అర్థం. అప్పుడు చాచా దారికి అడ్డంగా ఒక గొలుసు కట్టి తాళం వేసేవాడు. ఆ తాళంచెవి అతని నడుము పట్టీలో ఉండేది. వేసినవాడే తీయాలి, ఇంకొకరు ముట్టకూడదు. ఆ గొలుసు దాటడం మేకపిల్లకు కూడా కష్టం కాదు. అయినా నేను చూసినంతలో ఎవరూ దాటలేదు.

బిళ్లల విషయంలో మాత్రం మావాళ్లు ఒక మర్యాద కలిపారు. కొట్టు దారికి కాస్త దూరం. ఎండలో అంత నడక ఎందుకని, ఇంట్లో ఎవరు ముందు పైకి వస్తే వాళ్లు మిగతావాళ్ల బిళ్లలు కూడా తెచ్చి తగిలించేవాళ్లు. పెద్దవాళ్ల చేతిలో బిళ్ల ఉండగా చిన్నవాళ్లు ఉత్త చేతులతో నడిస్తే తప్పు పట్టేవాళ్లు కూడా. తలమీది బరువు అందుకున్నట్టే బిళ్ల అందుకోవాలి. చాచా చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. మంచితనాన్ని ఎవరు కాదంటారు?

ఆ రోజు శుక్రవారం. పొద్దున తిన్నది పడక నా కడుపు గడబిడగా ఉంది. అంగీకి మురికి పట్టకుండా విప్పి ఒక రాయి మీద పెట్టి బండ కొడుతున్నాను. బిళ్ల ఆ అంగీ జేబులో ఉంది. ఇక ఆగలేక పాత కోత వైపు, రాళ్లకుప్ప వెనక్కి పరిగెత్తాను. గనిలో ఆ అవసరానికి అదొక్కటే చాటు.

ఈలోగా పైకి రమ్మని కేక వేశారు, కుప్ప వెనక నాకది వినపడలేదు. వదిన చుట్టూ చూసింది, నేను కనపడలేదు. అప్పటికే ఎక్కిపోయాడులే, అంగీ మరిచిపోయాడు అనుకుంది. నా అంగీ భుజాన వేసుకుని, తన బిళ్లతో పాటు నా బిళ్ల కూడా తీసుకెళ్లి తగిలించింది. మేకులు నిండాయి. చాచా మేకులు చూశాడు, గొలుసు కట్టాడు, తాళం వేసి తానొక్కడే దిగి వత్తులు అంటించి మళ్లీ ఎక్కాడు. ఇందులో ఎవరు చేసింది తప్పు? ఎన్నేళ్లు ఆలోచించినా నాకు ఒక్క తప్పూ దొరకదు. అందుకే నాకు ఇంత కోపం.

ఇనుప పట్టా మీద సుత్తి మోగితే పేలుడు దగ్గర పడిందని గుర్తు. ఆ మోత విని కుప్ప చాటునుంచి బయటికి వచ్చాను. గనిలో ఒక్క మనిషి లేడు. పైకి వెళ్లే దారికీ నాకూ మధ్య వత్తులు పొగలు కక్కుతున్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అరిచాను గానీ పట్టా మోతలో నా గొంతు నాకే వినపడలేదు. వెనక్కి ఉరికి, గోడ అడుగున తొలిచిన చోట ఒక పెద్ద బండ కింద దూరాను.

మొదటి పేలుడుకు చెవులు మూసుకుపోయాయి. తర్వాతి దానికి రాళ్లకుప్ప జారింది. జారి నేను దూరిన సందు మూతిని మూసేసింది. ఎడమ కాలి పిక్క మీద ఏదో బరువు పడింది, చల్లగా తగిలింది, తర్వాత వెచ్చగా పారింది. అది రక్తమని తెలిసేసరికి కళ్ల ముందు దుమ్ము, చీకటి.

నిజం చెప్పాలంటే మొదట నేను అంత భయపడలేదు. చదువుకున్నవాణ్ని కదా, లెక్క వేసుకున్నాను. నా బిళ్ల నా దగ్గర ఉంది, ఒక మేకు ఖాళీగా ఉంటుంది, ఈపాటికి చూసే ఉంటారు, వస్తారు. బిళ్ల కోసం జేబు తడుముకోబోయాను. జేబు లేదు. ఒంటిమీద అంగీ లేదు.

అప్పుడు అర్థమైంది. మేకులు నిండకపోతే చాచా వత్తి అంటించేవాడే కాదు. అంటించాడంటే నిండాయి. నిండాయంటే నేను పైన ఉన్నాను. ఈ గనిలో ఎవరూ లేరు. లేనివాడి కోసం ఎవడు వెతుకుతాడు? నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పైన ఎవరో నవ్వడం సన్నగా వినిపించింది. అన్నం మూటలు విప్పుతున్నారేమో. నేను అరిచిన అరుపు నా మొహానికే తగిలి ఆగిపోయింది.

పైన జరిగింది తర్వాత తెలిసింది. చాచా పేలుళ్లు లెక్కపెట్టాడు, ఒకటి తగ్గింది. ఒక గుంతలో మందు పేలకుండా ఉండిపోయింది. అలాంటప్పుడు చాలాసేపు ఎవరూ దిగకూడదు, ఆ తర్వాత చాచా ఒక్కడే దిగి దాని సంగతి చూడాలి. అది పద్ధతి. అతను గొలుసు అలాగే ఉంచి, "నేనొచ్చేదాంక ఎవ్వరు దిగొద్దు" అని చెప్పి, సైకిలెక్కి నమాజుకు తాండూరు పోయాడు. తాళంచెవి ఎప్పటిలాగే నడుము పట్టీలో.

అన్నాల దగ్గర నేను లేను. వదిన అడిగింది.

"సీన్మకు పోయిండేమో" అన్నాడు అన్న. "నిన్న అంటుండె గద."

"అంగీ లేకుండనా?"

"బిళ్లలన్ని నిండినయి. కింద ఎవ్వరు లేరు. నువ్వు తిను జర."

పక్కవాళ్లు కూడా అదే మాట. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, చెక్క చెప్పిందంటే ఇంక ఎదురు లేదు. మా వదిన నోట్లో నాలుక లేని మనిషి. గనిలో ఇన్నేళ్లు చేసి ఒక్కరితో గొడవ పడింది లేదు. ఆవిడ ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకోలేకపోయింది. లేచి నిలబడి అందరూ వినేలా చెప్పింది.

"ఆ బిళ్ల ఆయన తగిలియ్యలె. నేను తగిలిచ్చిన. ఆయన పైకొచ్చింది నేను సూడలె. మీరెవరన్న సూసిన్రా?"

ఎవరూ చూడలేదు. ప్రతివాడూ ఇంకొకడు చూశాడనుకున్నాడు.

అన్న మొహం పాలిపోయిందట. సైకిలు తీసి చాచాను తేవడానికి తాండూరు దారి పట్టాడు. అది న్యాయమే. తాళం చాచాది, లోపల పేలని మందు ఉంది, దాన్ని ముట్టగలిగినవాడు అతనే. మిగిలినవాళ్లు గొలుసు దగ్గర నిలబడి కిందికి చూస్తూ నన్ను పిలిచారు. ఆ పిలుపులు నాకు వినిపించాయి. నేను పలికాను, వాళ్లకు వినిపించలేదు. అది ఎలాంటి నరకమో చెప్పడానికి నాకు ఇప్పటికీ మాటలు సరిపోవు. నన్ను వెతుకుతున్నారని తెలుసు, నా మీది ఆకాశం దాకా వచ్చారని తెలుసు, అయినా నేను లేనివాణ్నే.

కాలు మొద్దుబారింది. వెచ్చదనం పాదం దాకా పాకి, నా కిందున్న రాయి తడిసింది. నిద్ర వస్తున్నట్టుగా ఉంది. ఆ నిద్ర మంచిది కాదని ఎక్కడో చదివాను. మేలుకుని ఉండటానికి ఎక్కాలు చదవసాగాను, మధ్యలో తప్పిపోతూ మళ్లీ మొదటికి వస్తూ.

అప్పుడు రాళ్లు కదిలిన చప్పుడు. చాలా దగ్గర. "ఓ సదువుకున్నాయనా, ఉన్నవా?" అని వదిన గొంతు. ఆవిడ రోజూ నన్ను ఆటపట్టించే పిలుపు అది. అదే మాటను ఆవిడ ఏడుస్తూ అనడం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నేను పలికాను. ఈసారి వినపడింది.

గొలుసు దాటి వచ్చింది. పేలని గుంత పక్కనుంచే రావాలి, ఇంకో దారి లేదు. వెనకనుంచి అందరూ వద్దని కేకలు పెట్టారట. గడ్డపార కూడా తేలేదు, రాతికి ఇనుము తగిలి నిప్పు రవ్వ లేస్తే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. చేతులతోనే రాళ్లు తీసింది. సందులోంచి చెయ్యి పట్టినంత చోటు కాగానే తన కొంగు చింపి ఇచ్చి, "మోకాలు కింద గట్టిగ కట్టుకో, ఇంక గట్టిగ" అని బతిమాలి, తిట్టి, కట్టించింది. నాకు బలం చాలకపోతే తన చెయ్యి భుజం దాకా దూర్చి ముడి తానే బిగించింది. ఆ తర్వాత నా వేళ్లు పట్టుకుని అక్కడే కూర్చుంది. ఆవిడ వేళ్ల గోళ్లు విరిగి ఉన్నాయి.

చాచా వచ్చాడు. తాళం తీశాడు. నేరుగా ఆ గుంత దగ్గరికి నడిచి, నీళ్లు పోసి మందు నానబెట్టి, అప్పుడు మగవాళ్లను దిగమన్నాడు. నన్ను బయటికి లాగి సవారీ జీపులో తాండూరు డాక్టరు దగ్గరికి చేర్చారు. ఇంకాసేపు రక్తం అలాగే పోయి ఉంటే తనేమీ చేయగలిగేవాణ్ని కాదని డాక్టరు అన్నాడు. కట్టు ఎవరు కట్టారని అడిగాడు.

నన్ను జీపెక్కిస్తుండగా చాచా వదినను అందరి ముందూ తిట్టిన తిట్లు నాకు గుర్తున్నాయి. 

"దిమాగ్ ఉన్నదా బేటీ నీకు? నేను తాళమేసిన అంటే ఎందుకేసిన? గది పేలుతే ఇయ్యాల రెండు పీనుగలు లేస్తుండె. ఇంకొకల్లు గిట్ల దాటుతే ఈ గనిల ఎవ్వరు బతుకుతరు?"

వదిన తల వంచుకుని నిలబడింది. చాచా చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా తప్పు కాదు.

మర్నాటి నుంచి ఎవరి బిళ్ల వాళ్లే తగిలించాలని చాచా కట్టుదిట్టం చేశాడు. ఒక్కొక్కరి మొహం చూసి బిళ్ల తీసుకునేవాడు. వానాకాలం దాకా బాగానే నడిచిందట. తర్వాత మళ్లీ పెద్దవాళ్ల చేతిలోంచి బిళ్ల అందుకోవడం మొదలుపెట్టారు. మర్యాదను ఎవరు ఆపగలరు?

ఇదంతా పెద్దసారుకు చెప్పలేదు. వాదించాను, రోజుల తరబడి విసిగించాను, చివరికి ఆయనే "నీ తాళం నువ్వు పెట్టుకో నాయనా, నన్ను వదులు" అన్నాడు. కెర్నల్‌లో మ్యూటెక్స్ రాశాను. పట్టుకున్నవాడే వదలాలి. ఇంకొకరు వదలబోతే తిరగగొడుతుంది. ప్రింటర్ దారికి వచ్చింది. నా జన్మకు ఒక పని చేశాననిపించింది.

కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి ఒకతె ఆ భాగం చదివి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, పట్టుకున్న ప్రోగ్రాం మధ్యలో చచ్చిపోతే?"

"తాళం దాని పేరు మీదే ఉంటుంది."

"మరి బయట ఆగినవాళ్లు?"

"ఆగుతారు."

"ఎంతసేపు సార్?"

 "యంత్రం ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా" అన్నాను.  ఆ పిల్ల అది రాసుకుని వెళ్లిపోయింది.  నేను రాసిన పద్ధతి చాచా పద్ధతే, అక్షరం తేడా లేదు. ఆ రోజు గనిలో అందరూ ఆ పద్ధతి ప్రకారమే నడుచుకుని ఉంటే, దాన్ని రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు. పోనీ దాన్ని సడలిద్దామా అంటే, ఎవరైనా వదలొచ్చు అంటే, మళ్లీ అది సెమఫోరే, మళ్లీ మేకు మీద నా బిళ్ల. ఎటు తిరిగినా ఆ సందులోనే తల కొట్టుకుంటున్నాను. వికారాబాద్ గదిలో పడుకుంటే పైకప్పు కిందికి దిగుతున్నట్టుండేది.

ఆ ఆదివారం తాండూరు వెళ్లాను. అన్న ఊళ్లోకి పోయాడు. వదిన వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఇన్నేళ్లలో నేను ఆవిడను ఆ సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడా ఎత్తలేదు. పక్కన కూర్చుని అడిగాను.

"వదినా, పేలని మందు ఉందని తెలుసు. చాచా తాళం వేశాడని తెలుసు. అన్న అతన్ని తేవడానికి పోయాడు. ఎట్లా దాటావు?"

చేట ఆపింది. నా మొహంలోకి చూసింది. ఇంత చదివి ఇదేం ప్రశ్న అన్నట్టు.

"తాళం చాచాది" అంది. "మనిషి మావోడు గద."